కొలబద్ద ఎవరి చేతిలో ఉండాలి?

దసరా సెలవులు గానీ, సంక్రాంతి సెలవులు గానీ, ఎండాకాలం సెలవులు గానీ దగ్గరపడగానే మా ప్రొద్దుటూరు ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. బిడ్డకు రెండేళ్ళు నిండినాయి, ఎక్కడికైనా తీసుకొని పోవాలి. హైదరాబాదులో వండర్లాకు పోదామా, రామోజీ ఫిల్మ్ సిటీకి పోదామా, లేక బెంగుళూరు వైపు పోదామా? పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్ళలో ఇదే చర్చ ఫోనులో, ఇంకొక మెట్టు పైన జరుగుతుంది. డిస్నీలాండుకు ఈ యేడా, వచ్చే యేడా? బస్సు చార్జీలు, హోటలు గదులు, ప్రవేశ రుసుములు, రాయితీలు, ఆఫీసు సెలవులు అన్నీ చర్చకు వస్తాయి. రాని ప్రశ్న ఒక్కటే. ఆ బిడ్డ మధ్యాహ్నం ఎన్ని గంటలకు నిద్రపోతాడు?

ఈ టపా ఆ ఒక్క ప్రశ్నను గురించి. కొంత కటువుగా ఉంటుంది. చిన్నబిడ్డల తలిదండ్రులైన బ్లాగ్మిత్రులు పెద్దమనసుతో చదవాలని ప్రార్థన. నా వాదం ముందే చెప్పేస్తాను, దాపరికం లేదు. మూడేళ్ళ లోపు బిడ్డతో చేసే ప్రయాణానికి కొలత టికెట్టు కాదు, బిడ్డ దినచర్య. దానిని పక్కన పెట్టి వేసిన పథకం ఎంత ఖరీదైనదైనా, బిడ్డ పేరు చెప్పి పెద్దలు చేసుకొనే విహారమే. పెద్దలు విహరించడం తప్పు కాదు. బిడ్డ పేరు చెప్పడం తప్పు.

తెలుగు పండితుణ్ణి కనుక మాట దగ్గర మొదలుపెట్టక తప్పదు. సంస్కృతంలో 'హృ' అని ఒక ధాతువున్నది. దాని ముందు ఉపసర్గ మారితే అర్థం ఎక్కడెక్కడికో పోతుందని చెప్పడానికి తరగతిలో మేము ఇచ్చే ఉదాహరణలు అందరికీ తెలిసినవే: ఆహారం, విహారం, ప్రహారం, సంహారం, పరిహారం. ధాతువు ఒక్కటే. ఆహారం సంచిలో సర్దుకొని, విహారానికని బయలుదేరి, మధ్యాహ్నం రెండు గంటల వేళ వరుసలో ఏడుస్తున్న బిడ్డ వీపు మీద ప్రహారంతో ముగిసే యాత్రలు ఎన్ని లేవు? సంహారం దాకా పోనందుకు సంతోషించాలి. పరిహారం సంగతి తరువాత చెబుతాను.

ముందు కొలబద్ద సంగతి. వండర్లా సంస్థ 2005లో బెంగుళూరు దగ్గర బిడదిలో, 2016లో హైదరాబాదు దగ్గర రావిర్యాలలో పార్కులు తెరిచింది. అక్కడ పిల్లల టికెట్టుకు ప్రమాణం వయసు కాదు, ఎత్తు. 85 సెంటీమీటర్ల లోపు బిడ్డకు ప్రవేశం ఉచితం. గుండె ఝల్లుమనిపించే పెద్ద ఆటలు ఎక్కాలంటే 140 సెంటీమీటర్లు ఉండాలి. ఇది భద్రత కోసం పెట్టిన నియమం, సరైన నియమం. ఆ సీట్లు, ఆ పట్టీలు ఆ ఎత్తు మనిషికి సరిపోయేటట్టు చేసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఎదుగుదల పట్టికలు చూస్తే రెండేళ్ళ బిడ్డ ఎత్తు సుమారు 86, 87 సెంటీమీటర్లు, మూడేళ్ళకు 95, 96. 140 అందేది పదేళ్ళు దాటిన తరువాతనే. కాలిఫోర్నియా డిస్నీలాండులో స్పేస్ మౌంటెన్ అనే ఆటకు 40 అంగుళాలు, అనగా 102 సెంటీమీటర్లు కావాలి. మూడేళ్ళ బిడ్డలలో ఎక్కువమంది అక్కడ కూడా వెనుకకు తిరిగి రావలసినవారే.

అంటే ఆ సంస్థలవారు మనలను మోసం చేయడం లేదు. ఆట ముందర కొలబద్ద నిలబెట్టి, ఇది ఈ బిడ్డ కోసం కట్టినది కాదు అని బాహాటంగా చెబుతున్నారు. చదువుకున్న మనమే వినడం లేదు. చిన్నపిల్లలకని విడిగా మెల్లని ఆటలు ఉంటాయి, నిజమే. రంగులరాట్నం, బుల్లి రైలు, చిన్న కార్లు. రెండేళ్ళ బిడ్డకు అవే చాలు, అవి కూడా రెండుమూడు చాలు. ఆ రెండుమూడింటి కోసం నాలుగు వందల కిలోమీటర్లు పోవలెనా అన్నదే నా ప్రశ్న. దసరాకు మా ఊళ్ళో ఎగ్జిబిషను పెట్టినప్పుడు రంగులరాట్నం గుర్రం మీద కూర్చున్న బిడ్డ ముఖం చూడండి. ఆ గుర్రం ఏ నగరానిదో, దాని టికెట్టు ఎంతో వానికి అక్కరలేదు.

ఇక 'ఉచితం' అన్న మాట. ఆర్టీసీ బస్సులో అయిదేళ్ళ లోపు బిడ్డకు టికెట్టు లేదు. రైలులో బెర్తు అడగకపోతే అయిదేళ్ళ లోపు బిడ్డకు టికెట్టు లేదు. విమానంలో రెండేళ్ళ లోపు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుంటే చార్జీ స్వల్పం. డిస్నీలాండులో మూడేళ్ళ లోపు బిడ్డకు టికెట్టు అక్కరలేదు. అందుచేత రెండో పుట్టినరోజు రాకముందే విమానం ఎక్కించాలని, మూడో పుట్టినరోజు రాకముందే డిస్నీ చూపించాలని ఒక తొందర. ఉచితమంటే అర్థమేమి? ఆ బిడ్డ వారి లెక్కలో ప్రేక్షకుడు కాడని. అమ్మ ఒడిలోని సంచితో సమానమని. ఇక్కడ ఈ బిడ్డ అనుభవించేది పెద్దగా ఏమీ లేదని వ్యాపారం చేసేవాడే ఒప్పుకొని రుసుము మానుకున్నాడు. మనం దానిని లాభం కింద వేసుకొని, మన టికెట్లకు పూర్తి ధర చెల్లించి లోపలికి పోతున్నాం.

ఈ థీమ్ పార్కుల పుట్టుక కథ వింటే నా మాట ఇంకా తేటపడుతుంది. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళను లాస్ ఏంజిలిసులోని గ్రిఫిత్ పార్కుకు తీసుకొని పోయేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను బెంచీ మీద కూర్చొని వేరుశనగకాయలు తింటుండేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన ఆ బెంచీ మీద కలిగిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న అనాహైములో డిస్నీలాండు తెరిచారు. ఈ కథను అందరూ తండ్రి ప్రేమకు దృష్టాంతంగా చెబుతారు. నేను వేరే విధంగా చదువుతాను. ఆ పార్కులో విసుగు పుట్టినది ఎవరికి? బెంచీ మీది తండ్రికి. రాట్నం మీది పిల్లలకు కాదు. వారికి ఆ రాట్నం చాలింది. తండ్రి విసుగును తీర్చడానికి పుట్టిన ఏర్పాటును బిడ్డ కోసమే పుట్టినదని నమ్మి మనం ఇన్నేళ్ళుగా వరుసలో నిలబడుతున్నాం.

ఇప్పుడు ఒక మామూలు పథకాన్ని గంట గంటకూ లెక్కవేద్దాం. ప్రొద్దుటూరులో రాత్రి తొమ్మిదికి బస్సు. బిడ్డ ఒడిలో. ఏసీ చలి, హారను మోత, నడుమ టీ కోసం ఆగిన చోట వెలిగే దీపాలు. నిద్ర తునాతునకలు. తెల్లవారేసరికి హైదరాబాదు. హోటలులో గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకు. కాబట్టి ఎక్కడో ముఖం కడుక్కొని, ఎక్కడో టిఫిను తిని, నగరం ట్రాఫిక్కులో గంటకు పైగా కూర్చొని, పదకొండుకు పార్కు గేటు చేరతారు. టికెట్టు వరుస, సంచుల తనిఖీ, సామాను పెట్టె, బట్టలు మార్చుకొనే గది. లోపలికి పోయి నిలదొక్కుకొనేసరికి పన్నెండున్నర. ఇంట్లో ఉంటే ఆ బిడ్డ పప్పన్నం తిని కన్ను మూసే వేళ అది. పార్కులో పెద్దలకు అసలు ఉత్సాహం మొదలయ్యే వేళ కూడా అదే.

ఒకటి నుండి రెండేళ్ళ బిడ్డకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుండి 14 గంటల నిద్ర, మూడు నాలుగేళ్ళ బిడ్డకు 10 నుండి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పైన చెప్పిన పథకంలో ఎన్ని గంటలు దక్కినాయో చదువరులే కూడుకొనగలరు. డాక్టరు రాసిన మందు సగమే పోస్తే తల్లడిల్లే తల్లి, నిద్ర సగమే దక్కితే పట్టించుకోదా? బంగారం అంగళ్ళకు పేరుపడిన ఊరు మాది. మిల్లీగ్రాము తేడా వస్తే ఒప్పుకోని తక్కెడలు మా వీధుల్లో ఉన్నాయి. బిడ్డ నిద్రను తూచే తక్కెడ మాత్రం ఇంటికొకటి కూడా లేదు.

అప్పుడు బిడ్డ ఏడుస్తాడు. ఏడ్చిన బిడ్డకు వెంటనే ఒక పేరు పెడతారు: మొండి. "ఇంత డబ్బు పోసి తీసుకొస్తే ఏడుస్తావేమిరా?" అంటారు. రెండేళ్ళ బిడ్డకు డబ్బు పోయడం అంటే ఏమి తెలుసు? మూడు దశాబ్దాలకు పైగా పిల్లల ముఖాలు చూస్తూ బతికినవాణ్ణి, ఒక్క సంగతి నిశ్చయంగా చెప్పగలను. చిన్నబిడ్డల మొండితనంలో ముప్పాతిక భాగం ఆకలి, నిద్ర, ఎండ, రొద. మాటలు రాని బిడ్డకు ఏడుపే అర్జీ. అర్జీ పెట్టుకున్నవాణ్ణి కొట్టే అధికారిని మనం ఏమంటాము?

ఇంకొక మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. జేజి. అవును, మా సీమలో నాయనమ్మ జేజి. ఈ యాత్రలకు ఆమెను పిలిచేటప్పుడు "నువ్వు ఎక్కడ చూస్తివి మా, రా పోదాం" అంటారు. ఆమె మురిసిపోయి చీరలు సర్దుకుంటుంది. లోపలికి పోయిన పది నిమిషాలకు కొడుకు మాట ఇది: "మా, నువ్వు ఈ చెట్టుకింద కూచ్చో. బుడ్డోన్ని చూచ్చాండు. ఇట్ల పోయి అట్ల వచ్చాం." ఇట్ల పోయినవారు అట్ల వచ్చేసరికి సాయంత్రం. ఆమె చుట్టూ నాలుగు సంచులు, ఆరు జతల చెప్పులు, ఒడిలో చెమటతో తడిసిన బిడ్డ. మోకాళ్ళ నొప్పులతో ఆమె లేవలేదు, లేస్తే బిడ్డ లేస్తాడు. ఆమెకు కొన్నది పూర్తి టికెట్టు. ఆ టికెట్టుకు ఆమె చూసినది ఒక చెట్టు. అటువంటి చెట్లు మా ఇంటి ముందర రెండున్నాయి.

జేజి లేని చోట ఆ పని తల్లికి పడుతుంది. ముందు రోజు సర్దినది ఆమె, తినిపించేది ఆమె, తడి బట్టలు పిండేది ఆమె, తిరిగి వచ్చిన మరునాడు మూటెడు బట్టలు ఉతికేదీ ఆమె. యాత్ర ముగిసిన తరువాత విశ్రాంతి కోసం సెలవు పెట్టవలసిన విహారం ఏమి విహారం?

నా వాదానికి రాగల ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది: "బిడ్డ కోసం కాదు సార్, ఎనిమిదేళ్ళ పెద్దపిల్ల కోసం." ధర్మమైన మాట. అటువంటప్పుడు పెద్దపిల్లను తండ్రో తల్లో ఒకరు తీసుకొని పోండి. ఆమెకు ఒక దినమంతా మీరు ఒక్కరే దక్కుతారు, తమ్ముని ఏడుపుతో భాగం పంచుకోనక్కరలేని దినం. ఇంటి దగ్గర చిన్నవాడు తన వేళకు తిని తన వేళకు నిద్రపోతాడు. ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. కుటుంబమంతా ఒకే ఫోటోలో ఉండాలన్న పట్టుదల వల్లనే ఇద్దరికీ అన్యాయం జరుగుతున్నది.

రెండవది: "మాకు మాత్రం సంతోషం వద్దా?" కావాలి. తప్పక కావాలి. పిల్లవాడు పుట్టినప్పటి నుండి సినిమా చూడని దంపతులు ఎందరో. బిడ్డను జేజి దగ్గరనో అవ్వ దగ్గరనో వదిలి, ఆమెను ముందుగా అడిగి, ఆమె సరేనంటేనే, ఒక్క రోజు పోయి రండి. జైంట్ వీలు ఎక్కండి, నీళ్ళలో ఆడండి. ఎవరూ తప్పు పట్టరాదు. పట్టేవారుంటే వారికి ఈ టపా చూపించండి.

మూడవది నా ఈడు వారి నుండి వస్తుంది: "ఈ వయసులో చూపిస్తే వానికి జ్ఞాపకం ఉంటుందా? దండగ." ఈ వాదం నాకు అనుకూలంగా కనిపిస్తుంది గానీ నేను దీనిని అంగీకరించను. మూడేళ్ళ లోపు సంగతులు పెద్దయ్యాక సాధారణంగా గుర్తుండవన్నది నిజమే. అయితే జ్ఞాపకమే ప్రమాణమైతే రెండేళ్ళ బిడ్డకు పాట ఎందుకు పాడాలి? చందమామను ఎందుకు చూపించాలి? అన్నప్రాశన ఎందుకు చేయాలి? బిడ్డకు ఈ రోజు ఈ రోజే. రేపు గుర్తుంటుందా అని కాదు, ఇప్పుడు సుఖంగా ఉన్నాడా అని అడగాలి. గుర్తుండదు కనుక తీసుకొని పోవద్దనడం ఎంత తప్పో, గుర్తుండదు కనుక ఎంత కష్టపెట్టినా పరవాలేదనడం అంతే తప్పు.

నా ఈడు వారికి ఇంకొక మాట కూడా చెప్పాలి. థీమ్ పార్కు అనగానే ముక్కు విరిచే పెద్దలు, అదే బిడ్డను రద్దీ రోజున తిరుమల క్యూలో గంటల తరబడి సంకన వేసుకొని నిలబడితే పుణ్యమంటారు. బిడ్డ కాళ్ళకు, కళ్ళకు క్యూ క్యూనే. పుణ్యక్షేత్రమైనంత మాత్రాన నిద్ర అవసరం తగ్గదు. తిరుమలలో యేడాది లోపు బిడ్డల తలిదండ్రులకు సుపథం దారిన ప్రత్యేక ప్రవేశం ఏర్పాటు చేసినారంటే, అక్కడివారికి ఈ కష్టం అర్థమైనదన్న మాట. మనకే అర్థం కావలసి ఉన్నది.

నాలుగవది, నాకు అన్నింటికంటె కష్టం కలిగించే మాట: "మన సీమలో ఏముంది సార్, రాళ్ళూ రప్పలూ తప్ప?" రెండేళ్ళ బిడ్డకు కావలసినవి సరిగ్గా రాళ్ళూ రప్పలే, ఇసుకా నీళ్ళే. పోతన భాగవతంలో దశమస్కంధం తెరిచి చూడండి. చిన్ని కృష్ణుని ఆటవస్తువులు ఏమిటి? మన్ను, వెన్న, తాడు, రోలు, దూడ తోక. మన్ను తిన్న నోట్లోనే తల్లికి విశ్వమంతా కనిపించినది. ఆ కథ చదివి చేతులు జోడించే మనమే బిడ్డ ఇసుకలో చేయి పెడితే "ఛీ" అని లాగేస్తాము.

ప్రొద్దుటూరులో రామేశ్వరం దగ్గర పెన్న ఒడ్డుకు చలికాలం సాయంత్రం బిడ్డను తీసుకొని పోండి. ఒక గిన్నె, ఒక గరిటె ఇవ్వండి. నీటి మడుగులకు, ఇసుక తవ్విన గుంటలకు దూరంగా మీరు పక్కనే కూర్చోండి. గంటసేపు మీరు వానికి ఏమీ చూపించనక్కరలేదు. వాడే మీకు చూపిస్తాడు.

లేదా రైలు. యర్రగుంట్ల నుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె మీదుగా నంద్యాలకు పోయే 123 కిలోమీటర్ల మార్గం ఏళ్ళ తరబడి ఎదురుచూపుల తరువాత 2016లో తెరుచుకున్నది. వేళ చూసుకొని ప్రొద్దుటూరులో ఎక్కి జమ్మలమడుగులో దిగండి. అంతే ప్రయాణం. కిటికీ, గాలి, ఎదురుగా పోయే చెట్లు, కూత. రెండేళ్ళ బిడ్డకు ఇంతకు మించిన ఆట ఏ పార్కులో ఉన్నదో నాకు ఎవరైనా చెప్పండి. ఇక్కడ వాని ఎత్తు కొలిచేవారు లేరు.

జమ్మలమడుగు నుండి గండికోట దగ్గరనే. పెన్న ఎర్రమల కొండలను కోసిన గండి కనుక ఊరికి ఆ పేరు. పెద్దలందరూ పోయి లోయ అంచున నిలబడి ఫోటో తీసుకుంటారు. బిడ్డతో పోయినవారికి లోయ అంచు పనికిరాదు, అక్కడ చేయి వదలరాదు, అసలు అక్కడ దించనే రాదు. కోట లోపల మాధవరాయస్వామి గుడి ప్రాంగణం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, ఆ మధ్య ఖాళీ నేల బిడ్డవి. మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పోయి పదకొండు లోపల వెనుదిరగాలి. మే నెలలో ఆ బండల మీదికి బిడ్డను తీసుకొని పోయేవారికి నేను చెప్పేది ఏమీ లేదు. బెలుం గుహలు కూడా చూద్దామంటారు. లోపలి ఉక్కకు, ఇరుకు దారులకు చిన్నబిడ్డ తట్టుకోలేడు. వాడు బడికి పోయే వయసు వచ్చేదాకా ఆ గుహలు ఎక్కడికీ పోవు.

పులివెందుల వైపు బంధువులుంటే ఇంకా మేలు. చీనీ తోటలో, అరటి తోటలో గెలల నీడన ఒక పూట. డ్రిప్పు పైపు నుండి బొట్టు బొట్టుగా పడే నీళ్ళ కింద అరచేయి పెట్టి బిడ్డ ఎంతసేపు కూర్చుంటాడో గడియారం పెట్టి చూడండి. సాయంత్రానికి ఊళ్ళో శిల్పారామం ఉన్నది, రాణితోపు నగరవనం ఉన్నది. రాత్రికి ఇంటికి వచ్చి తన చాప మీద, తన జేజి పక్కన పడుకుంటాడు. ఖర్చు పెట్రోలుకు, బొరుగులకు.

ఇంత చెప్పినా పోక తప్పని సందర్భాలుంటాయి. పెండ్లి హైదరాబాదులో, ఎట్లాగూ పోతున్నాము; లేదా కొడుకు అమెరికా నుండి టికెట్లు పంపినాడు. అప్పుడు పైన చెప్పిన పరిహారం ఇది. రాత్రి ప్రయాణం చేసిన మరునాడే పార్కుకు పోవద్దు, నడుమ ఒక దినం విశ్రాంతి ఉండాలి. ఒక దినానికి ఒకే చోటు. పార్కు తెరిచే వేళకు లోపల ఉండాలి, బిడ్డ నిద్రవేళకు బయట ఉండాలి. అందుకు గది పార్కుకు దగ్గరలో తీసుకోవాలి, నగరం నడిబొడ్డున కాదు. మిగిలిన టికెట్టు డబ్బు పోయిందని బాధపడే మనసుంటే ముందే మానుకోవాలి. పసిబిడ్డ ఆహారం లోపలికి రానిస్తారా, పాలిచ్చే గది ఉన్నదా, తోపుడు బండి అద్దెకు దొరుకుతుందా అన్నవి ఫోను చేసి అడిగి తెలుసుకోవాలి. బిడ్డకు అలవాటైన పప్పన్నమో, రాగిజావో, కాచి చల్లార్చిన నీళ్ళో వెంట ఉండాలి. ఎండదెబ్బకు ఓఆర్ఎస్ పొట్లం ఉండాలి. జేబులో ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి. లౌడ్ స్పీకర్లకు దూరంగా నిలబడాలి. బిడ్డను చూసే వంతు గంటకొకసారి మారాలి, తండ్రితో సహా. ఆ వంతు జాబితాలో జేజి పేరు చివర ఉండాలి, మొదట కాదు. డిస్నీ పార్కులలో తల్లి ఆట ఎక్కినప్పుడు తండ్రి బిడ్డతో ఉండి, తరువాత మళ్ళీ మొత్తం వరుస నిలబడకుండా తాను ఎక్కే వెసులుబాటు ఉన్నది. దానిని అడిగి వాడుకోవాలి. అన్నింటికంటె ముఖ్యం, బిడ్డ ఏడిస్తే యాత్ర ఆ క్షణాన ముగిసిందని పెద్దలందరూ బయలుదేరకముందే ఒప్పుకొని ఉండాలి.

చివరిగా మనందరి మీద ఒక నేరం మోపక తప్పదు. థీమ్ పార్కుకు వేల రూపాయలు కట్టడానికి వెనుకాడని మనం, మన ఊరి పార్కులో ఉయ్యాల గొలుసు తెగితే మునిసిపాలిటీకి ఒక అర్జీ రాయము. బిడ్డలు ఆడగలిగే చల్లని ఉదయం వేళ తలుపులు తీయండని అడగము. తల్లి కూర్చొని పాలివ్వడానికి ఒక నీడ అడగము. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్ర ప్రభుత్వం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో ఏమేమి కట్టాలన్న విషయంలో రెండేళ్ళ బిడ్డ తరఫున మాట్లాడేవారు ఎవరు? లోయ వైపు కమ్మీల సందు బిడ్డ తల దూరనంత సన్నగా ఉండాలని, తాగే నీళ్ళు ఉండాలని, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలని, మట్టిలో ఆడుకొనడానికి నీడ ఉన్న ఒక చదరం నేల ఉండాలని అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు. ఆ మొత్తంలో అది లెక్కలోకి రానంత చిన్న భాగం. కడప జిల్లా నుండి రాసే మిత్రులు ఒక్కొక్కరు ఒక్కొక్క కార్డు రాసినా అధికారుల బల్ల మీద ఒక కట్ట అవుతుంది. నేను రాసినాను.

పార్కువారి చేతిలో కొలబద్ద ఉన్నది, వారు బిడ్డను కొలుస్తున్నారు. అది వారి పని. ఈ చోటు బిడ్డకు తగునా తగదా అని కొలవవలసిన బద్ద తలిదండ్రుల చేతిలో ఉండాలి. వాని నిద్ర, వాని ఆకలి, వాని తప్పటడుగు పొడవు, ఇవే దాని మీది గీతలు.

నాతో ఏకీభవించని మిత్రులు మొగమాటం లేకుండా వ్యాఖ్య రాయండి. బిడ్డతో పోయి సుఖంగా తిరిగి వచ్చినవారుంటే ఏ వేళకు పోయినారో, ఏ వేళకు వచ్చినారో, జేజి ఎక్కడ కూర్చున్నదో కూడా రాయవలెనని మనవి.

సెలవు.